వాలు నేల మీద మేపుల్ నీళ్ళు పట్టాలనుకునే మనవాళ్ళకి

అమెరికాలో వెర్మాంట్‌కో న్యూ హాంప్‌షైర్‌కో కొత్తగా వచ్చి ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు తరచుగా అడిగే సందేహం ఇది. "అన్నా, ఇంటి వెనక అడవి ఉంది, మేపుల్ చెట్లు కూడా ఉన్నాయంటున్నారు, కానీ నేలంతా ఏటవాలు, మార్చిలో అడుగేస్తే జారిపోతోంది, మేమూ సిరప్ కాచుకోవచ్చా?" నిక్షేపంగా కాచుకోవచ్చు. మేపుల్ చెట్టుకి రంధ్రం పెడితే కారే తియ్యటి నీళ్ళని మరిగిస్తే వచ్చేదే సిరప్. ఒక్క సంగతి మాత్రం ముందే గట్టిగా అనుకోండి: వాలు మీద నీళ్ళు మీరు మోయకూడదు, వాటంతట అవే దిగి రావాలి. మిగతా ఏర్పాట్లన్నీ దీన్ని బట్టే చేసుకోండి.

మేపుల్ నీళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు రావు. రాత్రి సున్నా సెల్సియస్‌కి నాలుగైదు డిగ్రీలు కింద, పగలు నాలుగైదు పైన, ఇలా రోజూ దిగి ఎక్కుతుంటేనే చెట్టు లోపల ఒత్తిడి మారి నీళ్ళు కారతాయి. ఇక్కడ ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా అదే వాతావరణం. ఇబ్బంది ఏమిటంటే నేలని పాడుచేసేదీ అదే. పైన అంగుళమో రెండంగుళాలో కరిగి బురదవుతుంది, కింద మట్టి ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంటుంది, నీరు ఇంకే దారి లేదు, కాబట్టి కాలు మోపితే పైపొర మొత్తం కాలితో పాటే వచ్చేస్తుంది. దాని మీద పోయినేడాది రాలిన ఆకులు తడిసి పరుచుకుని ఉంటాయి, వాటి కింద మంచు పలక ఉందో లేదో కంటికి తెలియదు. ఎండ తగిలి నీళ్ళు ధారగా కారే మధ్యాహ్నం పూటే కొండ బాగా జారేది కూడా. అందుకని మధ్యాహ్నం వెళ్ళకండి. రాత్రి చలికి నీళ్ళు ఎలాగూ పాడవవు, పొద్దున్నే నేల బిగుసుకుని ఉన్నప్పుడు, బూట్లకి మైక్రోస్పైక్స్ (అడుగున ఇనుప పళ్ళుండే తొడుగులు) తొడుక్కుని వెళ్ళండి. గట్టి నేల మీద అవి బాగా పట్టుకుంటాయి, మెత్తటి తడి మంచులో మాత్రం పళ్ళ మధ్య మంచు ముద్ద కట్టి పట్టు పోతుంది.

బరువు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఐదు గ్యాలన్ల బకెట్ నిండితే దాదాపు 20 కిలోలు. చేతికొకటి పట్టుకుంటే 40 కిలోలు, పైగా లోపల నీళ్ళు ఊగుతూ మిమ్మల్ని పక్కకి లాగుతుంటాయి, కాలు జారితే ఆసరా పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. పిల్లలు ఆడుకునే స్లెడ్ మీద పెట్టి కిందకి జార్చుదామని కొందరంటారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, బరువుతో ఉన్న స్లెడ్ వాలులో ఒకసారి ఊపందుకుంటే ఆపలేరు, కింద ఎవరున్నా వాళ్ళ మీదికే పోతుంది.

మరి ఏం చెయ్యాలి? ట్యూబింగ్, అంటే చెట్ల నుంచి కింద డ్రమ్ము దాకా ప్లాస్టిక్ ట్యూబు లైను వేసుకోవడం. అండర్‌హిల్ దగ్గర వెర్మాంట్ యూనివర్సిటీ వాళ్ళ ప్రాక్టర్ మేపుల్ రీసెర్చ్ సెంటర్ ఉంది, సన్నటి 3/16 అంగుళం ట్యూబుతో చాలా పనిచేశారు. వాలు ఉన్నవాళ్ళకి అది వరం. ట్యూబు అంత సన్నగా ఉంటే అందులో నీరు తెగకుండా ఒకే ధారగా నిలుస్తుంది, గాలి బుడగలు దాన్ని దాటి పైకి పోలేవు, ఆ ధార బరువుకే పైనున్న చెట్లలోంచి నీళ్ళు లాగినట్టు వస్తాయి. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పై చెట్టుకీ కింద డ్రమ్ముకీ 30 అడుగుల ఎత్తు తేడా ఉంటే పై చెట్ల దగ్గర పాదరసం కొలతలో 26 అంగుళాల దాకా వ్యాక్యూమ్ (లాగే ఒత్తిడి) వస్తుంది, చదును నేల వాళ్ళు అంత రావాలంటే మోటారు కొనుక్కోవాలి. బాగా పారుతున్న రోజు లైను పక్కన నిలబడి చూడండి, చిన్న చిన్న బుడగలు నీటి మధ్య వరసకట్టి కిందకి పరుగెడుతుంటాయి. అవి ఎక్కడైనా అదే పనిగా గుంపుగా వస్తున్నాయంటే, పైన ఉడత ట్యూబు కొరికిందనో జాయింటు వదులైందనో అర్థం.

లైను కట్టేటప్పుడు పైనుంచి కిందదాకా బిగుతుగా, ఎక్కడా సాగి వేలాడకుండా కట్టండి. ఒక్కో లైనుకి పది నుంచి పాతిక ట్యాపులు (చెట్లకి పెట్టే రంధ్రాలు) చాలు. డ్రమ్ము మీ డ్రైవ్‌వే పక్కన, చదునుగా ఉన్నచోట పెట్టండి. ఈ పనంతా నేల పొడిగా ఉండే అక్టోబరు, నవంబరుల్లోనే చేసుకోండి, ఆకులు ఇంకా ఉన్న అక్టోబరు మొదట్లోనైతే చెట్లు గుర్తుపట్టడం కూడా తేలిక: షుగర్ మేపుల్ ఆకు అంచు నున్నగా ఉంటుంది, రెడ్ మేపుల్ ఆకు అంచుకి రంపపు పళ్ళుంటాయి. రెండూ పనికొస్తాయి, కానీ షుగర్ మేపుల్ నీటిలో తీపి ఎక్కువ. రిబ్బన్లు కట్టి పెట్టుకోండి, ఆకులు రాలాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ట్యూబు, డ్రమ్ము తిండి పదార్థాలకి పనికొచ్చేవే కొనండి. గరాజ్ సేల్‌లో దొరికే పాత లోహపు బకెట్లు అందంగానే ఉంటాయి కానీ వాటి అతుకుల్లో సీసం ఉండొచ్చు, పిల్లలు తాగేదానికి అవి వద్దు.

డ్రిల్లు విషయం కాస్త జాగ్రత్త. గుండె ఎత్తులో మాను చుట్టుకొలత కనీసం 38 అంగుళాలు ఉన్న చెట్టుకే రంధ్రం పెట్టండి. 5/16 అంగుళం బిట్‌తో, అంగుళంన్నర లోతు, లోపలికి వెళ్ళేకొద్దీ కొద్దిగా పైకి వాలేలా. బయటికొచ్చే పొట్టు లేత మీగడ రంగులో తడిగా ఉంటే మంచి చెక్క, ముదురు గోధుమ రంగులో పొడిగా వస్తే అక్కడ చెక్క చచ్చిపోయిందన్నమాట, ఇంకోచోట చూసుకోండి. స్పౌట్‌ని (రంధ్రంలో బిగించే చిన్న గొట్టాన్ని) సుత్తితో మెల్లగా కొట్టండి, 'టక్ టక్' అనే చప్పుడు మారి బరువుగా వినిపించగానే ఆపెయ్యండి. ఇంకా కొడితే చెక్క చీలి నీరంతా పక్కనుంచి కారిపోతుంది.

ట్యూబింగ్ పెట్టినా లైను చూడ్డానికి ఎక్కక తప్పదు. రెండు మూడు చెట్లకి నడుము ఎత్తులో తాడు కట్టి పట్టుకోవడానికి దారి చేసుకోండి, నిలువునా కాకుండా అడ్డంగా మెలికలు తిరుగుతూ ఎక్కండి, చేతికర్ర ఉంచుకోండి. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ చప్పున దిగిపోతుంది. ఎంతసేపట్లో వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళని ఆ కొండ ఎక్కించకండి. విజిటర్ ఇన్సూరెన్స్‌తో తుంటి ఎముక విరిగితే ఆ బిల్లుల టెన్షన్ మాటల్లో చెప్పలేం. డ్రమ్ము దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి, నీళ్ళు పడుతుంటే చూసి సంతోషిస్తారు.

పట్టిన నీళ్ళు మన నీరా లాంటివే, వెచ్చబడితే పులుస్తాయి. మంచు కప్పి చల్లగా ఉంచి వారం లోపు కాచెయ్యండి. నీటిలో తీపి రెండు శాతమే, కాబట్టి సుమారు 40 గ్యాలన్లు మరిగితే ఒక గ్యాలన్ సిరప్. అంత ఆవిరి వంటింట్లో వదిలితే గోడలు తడిసి పెయింట్ ఊడుతుంది, బయటే కాచండి. నీళ్ళు మరిగే వేడికన్నా ఏడు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ చూపిస్తే పాకం వచ్చినట్టే. చివర్లో మాత్రం పక్కనుంచి కదలకండి, పొంగితే ఒక చుక్క వెన్న వెయ్యండి.

అద్దె ఇల్లయితే యజమానిని అడిగి, సరిహద్దు దగ్గర చెట్లయితే పక్కింటివాళ్ళని అడిగి మొదలుపెట్టండి. స్నేహితులకి సీసాలు పంచుకోండి కానీ హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు లాయర్ని అడగకుండా అమ్మకం జోలికి పోవద్దు. మొగ్గలు విచ్చుకోగానే నీటి రుచి చెడుతుంది, అప్పుడు స్పౌట్లు తీసెయ్యండి, రంధ్రంలో ఏమీ కుక్కొద్దు, చెట్టు దాన్ని తనే మూసుకుంటుంది. వచ్చే ఏడు కొత్త రంధ్రం పాతదానికి పైనో కిందో కాకుండా పక్కకి జరిపి పెట్టండి. ట్యూబింగ్ కట్టే పద్ధతి కళ్ళారా చూడాలంటే మార్చి చివర్లో వెర్మాంట్ షుగర్‌హౌస్‌లు (సిరప్ కాచే షెడ్లు) అందరినీ లోపలికి రానిచ్చే వారాంతం ఉంటుంది, పిల్లల్ని తీసుకుని వెళ్ళండి, వాలు మీద లైన్లు ఉన్నవాళ్ళని వెతికి మరీ అడగండి.