శివా, బండి మార్చే ముందు ఇవి చూసుకో

కర్నూలు

చిరంజీవి శివకు,

2014 కవాసాకి నింజా 1000 అమ్మేసి కొత్త 1100ఎస్ఎక్స్ తీసుకోవాలని చూస్తున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పినాడు. వద్దనను. ఇప్పుడే వద్దంటాను. ఎందుకో రాస్తాను, చదివినాక నీ ఇష్టం.

ముందు రెండు బండ్ల లెక్కలు పక్కపక్కన పెట్టుకో. నీది 1043 సీసీ, పవర్ 142 పీఎస్, లాగుడు (టార్క్) 111 ఎన్ఎం. కొత్తది 1099 సీసీ, 136 పీఎస్, 113 ఎన్ఎం. బోర్ (సిలిండర్ వెడల్పు) అదే 77 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 56 నుంచి 59కి పెంచినారు. అందుకే పై ఆర్‌పీఎంలో పవర్ రవంత తగ్గింది, మధ్యలో లాగుడు పెరిగింది. ఐదు, ఆరు గేర్లు పొడుగు చేసినారు, హైవేలో ఇంజన్ నిదానంగా తిరుగుతుంది. ట్యాంకు రెండిటికీ 19 లీటర్లే. సీటు 820 నుంచి 835 మిల్లీమీటర్లకు పెరిగింది. నీ ఎత్తుకు సిగ్నల్ దగ్గర ఆ 15 మిల్లీమీటర్లు బాగా తెలుస్తాయి, వెనక మనిషి, లగేజీ ఉంటే ఇంకా. వేగం కోసమే మారుతున్నానంటే మాత్రం ఇక్కడే ఆపెయ్. నాలుగు లేన్ల హైవేలో టూవీలర్‌కు చట్టం ఇచ్చేది గంటకు 80. ఆ వేగానికి రెండు బండ్లూ మూడో గేరులోనే ఆవలిస్తా పోతాయి.

నీ బండిలో లేని ముఖ్యమైనవి రెండు. ఒకటి, బండి వాలినప్పుడు కూడా సరిగ్గా పనిచేసే ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది. నీ బండిలో ఏబీఎస్, వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నాయి గానీ అవి చక్రాల వేగం లాంటివే చూస్తాయి, బండి ఎంత వాలిందో వాటికి తెలీదు. వాలు కొలిచే ఐఎంయూ అనే సెన్సరు 2017 మోడల్‌తో వచ్చింది. రెండోది క్రూయిజ్ కంట్రోల్, యాక్సిలరేటర్ తిప్పిపట్టకుండానే ఒకే వేగంలో పోనిచ్చేది. అది 2020లో నింజా 1000ఎస్ఎక్స్ మోడల్‌తో వచ్చింది, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (యాక్సిలరేటర్) మీద పనిచేస్తుంది. నీది కేబుల్ థ్రాటిల్.

ఇవి మన దారుల్లో ఎంత పనికొస్తాయో చూడు. 44వ నంబరు హైవేలో క్రూయిజ్ పెట్టుకుని పోదామంటే, డివైడర్ తెగిన చోటల్లా ఎదురొచ్చే ట్రాక్టరు, రోడ్డు దాటే గొర్రెలమంద, ఉన్నపళంగా ఆగే ఆటో. పది నిమిషాలు నిలకడగా పోనిస్తే గొప్ప. వంపు ఏబీఎస్ సంగతి వేరు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో, హార్స్‌లీ హిల్స్ మలుపుల్లోనో, వాన పడినాక రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన గరుసు మీద ముందు బ్రేకు పట్టాల్సొస్తే అది నిజంగా కాపాడుతుంది. నువ్వు తరచుగా తిరిగేది ఘాట్లలోనైతే ఆ ఒక్క కారణంతో బండి మార్చినా నేను మాట్లాడను. బెంగళూరు, హైదరాబాదు తిన్నగా పోయి రావడమే ఎక్కువైతే అంత తొందర లేదు.

ఇప్పుడు నీ బండి మీద నువ్వు చెప్పే ఫిర్యాదులకు వస్తాను. మలుపులో బరువుగా ఉంది, బ్రేకు మెత్తబడింది, వెనక కూర్చున్నోళ్లు గుంతల్లో ఎగురుతున్నారు, ఎండాకాలం తొడలు కాలుతున్నాయి. ఈ నాలుగింటిలో మూడు పాత పార్ట్‌ల వల్ల వచ్చినవి, మోడల్ పాతదైనందుకు కాదు.

మలుపులో బరువు టైరు వల్ల. తిన్నటి హైవేలో తిరిగిన వెనక టైరు నడిమిన అరిగి చదునవుతుంది, వాల్చేటప్పుడు ఆ అంచు మీదికి ఎక్కడానికి బండి మొరాయిస్తుంది. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడు: 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. ఐదేళ్లు దాటితే గాడి ఎంత మిగిలినా తీసెయ్, రబ్బరు గట్టిపడి ఉంటుంది. ముందు 120/70, వెనక 190/50, రెండూ 17 అంగుళాలవే, జతగా మార్చు. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడు ముందు 36, వెనక 42 పీఎస్ఐ. ఒట్టి టైరు అరిగినందుకే బండి ముసలిదైందని అమ్ముకున్నోళ్లు చాలామంది ఉన్నారప్పా.

బ్రేకు మెత్తబడితే ముందు ఫ్లూయిడ్ చూడు. డాట్ 4 రకం బ్రేకు ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాల్సిందే. రబ్బరు గొట్టాలు ఇన్నేళ్లకు మెత్తబడి, లివర్ నొక్కినప్పుడు ఉబ్బుతాయి, నీ చేతి బలం ప్యాడ్ దాకా పోదు. స్టీలు అల్లిక గొట్టాలు వేయించి, కాలిపర్ పిస్టన్లు తుడిపించి, కొత్త ఫ్లూయిడ్ పోయించు. ప్యాడ్ మందం 1 మిల్లీమీటరుకు దగ్గరపడితే అవీ మార్చు. డిస్క్ కనీస మందం దాని మీదే అచ్చుకొట్టి ఉంటుంది, వెర్నియర్‌తో కొలిచి పోల్చుకో.

సస్పెన్షన్‌కు ముందు శాగ్, అంటే నువ్వు ఎక్కితే బండి ఎంత కుంగుతుందో కొలువు, తర్వాతే డబ్బు. ముగ్గురు మనుషులు కావాలి. వెనక చక్రం నేల వదిలేలా బండి ఎత్తి, యాక్సిల్ నడిమి నుంచి నిట్టనిలువుగా పైన తోక మీద ఒక గుర్తు దాకా టేపు పెట్టి కొలువు. తర్వాత జాకెట్, బూట్లు, హెల్మెట్ వేసుకుని నువ్వు ఎక్కు, ఒకడు బండి పట్టుకుంటాడు, ఇంకొకడు అదే కొలత మళ్లీ తీస్తాడు. రెండిటికీ తేడా 30 నుంచి 40 మిల్లీమీటర్ల లోపల ఉండాలి. ఎక్కువుంటే వెనక స్ప్రింగ్ బిగువు పెంచే ప్రీలోడ్ నాబ్ బిగించు. వెనక మనిషి ఎక్కిన ప్రతిసారీ బిగించాలి, దిగినాక వదలాలి. చేతితో తిప్పేదాన్ని కూడా కొన్నప్పటి నుంచి ముట్టుకోనోళ్లే ఎక్కువ. నాబ్ పూర్తిగా బిగించినా శాగ్ 40 దాటితే స్ప్రింగ్ నీ బరువుకు చాలదు. కొలత సరిగ్గా ఉండి బండి మాత్రం ఊగులాడితే వెనక షాక్‌లో ఆయిల్ అయిపోయింది. ముందు ఫోర్క్ ఆయిల్, సీళ్లు కూడా అదే విడతలో చేయించు.

వేడి మాత్రం ఏ లీటరు బండికైనా ఉంటుంది, మే నెల 43 డిగ్రీల్లో కొత్తదీ కాలుస్తుంది. కూలెంట్ మూడేళ్లు దాటిందేమో, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు ఇరుక్కున్నాయేమో చూసుకుంటే కొంత తగ్గుతుంది. నీళ్ల ప్రెజర్ దగ్గరగా కొట్టొద్దు, రెక్కలు వంగిపోతాయి.

చైన్ ఇంట్లోనే కొలుచుకోవచ్చు. కింది వైపు బిగుతుగా లాగిపట్టి, ఒక పిన్ను నడిమి నుంచి 20 లింకులు లెక్కపెట్టి 21వ పిన్ను నడిమి దాకా కొలువు. కొత్తదైతే 317.5 మిల్లీమీటర్లు, 323 వస్తే చైన్ పని అయిపోయినట్టే. చైన్ అంతా ఒకేలా సాగదు, నాలుగైదు చోట్ల కొలువు. మారిస్తే రెండు స్ప్రాకెట్లతో కలిపి మార్చు.

ఇథనాల్ విషయం నువ్వు అడిగినావంట. నీ బండి ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, రాకముందుది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, మైలేజీ కొంత పడిపోతుంది. ఎక్కువ భయం రబ్బరుకే. ఫ్యూయల్ గొట్టం ఐదేళ్లు దాటుంటే మార్పించు, నెలల తరబడి పెట్రోలు ట్యాంకులో నిలవ ఉంచొద్దు. ఒక్క దీని కోసం బండి మార్చాల్సిన పని లేదు.

డబ్బు సంగతి. 2024 డిసెంబరులో 1100ఎస్ఎక్స్ వచ్చినప్పుడు ఎక్స్‌షోరూం 13.49 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకు జీఎస్టీ 40 శాతం, అంతకుముందు సెస్సుతో కలిపి 31. దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేరే. ఇన్సూరెన్సోళ్ల లెక్కలో బండి విలువ రెండో ఏడాది 20 శాతం, మూడో ఏడాది 30, ఐదో ఏడాదికి 50 తగ్గించి కడతారు. నీ బండి ఆ దెబ్బలన్నీ ఎప్పుడో తినేసింది.

సర్వీసు దూరం ఇంకా పెద్ద లెక్క. సర్వీసుకు నువ్వు అనంతపురం నుంచి బెంగళూరు పోవాలి, 210 కిలోమీటర్లు. కొత్త బండికి మొదటి సర్వీసు 1,000 కిలోమీటర్లకే, పోను రాను అందులో సగం దాకా తినేస్తుంది. పాతదానికి థ్రాటిల్ కేబుల్ తెగితే ఊళ్లో మంచి మెకానిక్ వేసిస్తాడు. కొత్తదానికి డిస్‌ప్లేలో వార్నింగ్ లైటు వెలిగిందంటే కంపెనీ స్కానర్ దాకా పోవాల్సిందే.

నా మాట వింటే టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, చైన్ చేయించి ఒక వేసవి, ఒక వానాకాలం తిరుగు. అప్పటికీ మనసు లాగితే, కొత్తదానికన్నా 2020 తర్వాతి 1000ఎస్ఎక్స్ సెకండ్‌హ్యాండ్ చూడమంటాను. వంపు ఏబీఎస్, క్రూయిజ్ రెండూ దాంట్లో ఉన్నాయి. బెంగళూరు బండైతే ఫారం 28తో ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), లోను ఉంటే అది తీరిందని ఫారం 35, పేరు మార్పుకు 29, 30 కావాలి. ఇక్కడ బండి వయసును బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కర్ణాటకలో మిగిలింది వాపసు అడుక్కోవచ్చు. ఈ ట్యాక్స్ కలుపుకోకుండా బేరం ఆడొద్దు. హ్యాండిల్ చివర్లు, ఇంజన్ కేసు పక్కలు గీసుకుపోయాయేమో, ఫెయిరింగ్ స్క్రూలు వేర్వేరు రకాలు ఉన్నాయేమో చూడు. హ్యాండిల్ నిదానంగా ఇటునుంచి అటు తిప్పితే నడిమిన టక్కుమని ఆగిందంటే స్టీరింగ్ బేరింగ్ పోయింది.

టెస్ట్ రైడ్‌కు పోతే కోడల్ని కూడా తీసుకుపో. బెంగళూరు బయట దేవనహళ్లి వైపు హైవేలో ఆరో గేరులో పోయి చేతులకు తిమ్మిరి వస్తుందా, అద్దంలో వెనక బండి నంబరు కనపడుతుందా చూసుకో. ఇద్దరూ ఎక్కి ఇరుకు రోడ్డులో ఒక యూటర్న్ తిప్పు. షోరూం ముందు నాలుగు వీధులు తిప్పి తెస్తే ఏమీ తెలీదు.

నీది అమ్మేటప్పుడు ఫారం 29, 30 మీద ఖాళీ సంతకాలు పెట్టి ఇవ్వొద్దు. డెలివరీ తేదీ, టైము రాసి కొన్నోడి సంతకం, ఐడీ కాపీ తీసుకో. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) లెటర్ కూడా తీసిపెట్టుకో. ఆ బోనస్ నీది, బండిది కాదు, మూడేళ్ల లోపల కొత్త బండికి వాడుకోవచ్చు. ఆర్సీ పేరు మారిందో లేదో పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో, బ్రోకర్ చెప్పినాడని వదిలెయ్యొద్దు.

ఇట్లు,
మీ పెదనాయన