మూతపడ్డ క్వారీని మళ్లీ తెరవాలంటే పాత లీజు చాలదా?

కౌండిన్య అభయారణ్యం పక్కన ఏళ్లుగా మూతపడి ఉన్న గ్రానైట్ క్వారీని తెరుస్తున్నారని, 'పాతదే కదా, కొత్త పర్మిషన్లు అక్కర్లేదు' అంటున్నారని రాశారు. మాది పలమనేరు వైపే. మా గుట్ట దగ్గరా ఇదే మాట చెప్పారు. నమ్మకండి.

దుమ్ము, శబ్దం అంటూ అర్జీ మొదలుపెట్టకండి. 'నీళ్లు చల్లుతాం' అనే జవాబు క్వారీ వాళ్ల దగ్గర రెడీగా ఉంటుంది. పర్యావరణ అనుమతి, అదే ఈసీ, ఏ తేదీది? లీజు హద్దు అభయారణ్యానికి ఎంత దూరం? ముందు ఇవి అడగండి.

5 హెక్టార్లలోపు క్వారీలకూ ఈసీ ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో చెప్పింది. అంతకుముందే ఆగిపోయిన చిన్న క్వారీ అయితే అసలు ఈసీయే ఉండకపోవచ్చు. ఇక జాతీయ పార్కులు, అభయారణ్యాల లోపల, వాటి హద్దు నుంచి కిలోమీటరు వరకు మైనింగ్ కూడదని 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు స్పష్టం చేసింది.

మా దగ్గర పేచీ అంతా కొలతలోనే వచ్చింది. వాళ్లు పాత గుంత దగ్గర్నుంచి, అదీ బండిబాట వెంబడి కొలిచి, కిలోమీటరు దాటిందన్నారు. కొలవాల్సింది లీజు హద్దు రాళ్ల నుంచి, నేరుగా. సమాచార హక్కు కింద గనుల శాఖ నుంచి మైనింగ్ ప్లాన్ తీసుకున్నాం. అందులో ప్రతి మూలకూ అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. మా పిన్ని కొడుకు వాటిని ఫోన్‌లో మ్యాపు మీద పెట్టి చూస్తే తూర్పు మూల కిలోమీటరు లోపలే పడింది. ఆ మ్యాపును అర్జీతో కలిపి అటవీ శాఖకూ ఇచ్చాం. చివరికి ఆ మూల తీసేసి, విస్తీర్ణం తగ్గించి మళ్లీ దరఖాస్తు వేశారు. అదింకా పెండింగే.

ఫొటోలు మాత్రం ఇప్పుడే తీసుకోండి. మా గుంతలో రాతిగోడ మీద పాత డ్రిల్లింగ్ గాడులు వరసగా అలాగే ఉన్నాయి, కింద ఎండాకాలంలోనూ నీళ్లు. పగలు మేకలు తాగుతాయి. తెల్లారి చూస్తే ఒడ్డు బురదలో తాంబాళమంత ఏనుగు అడుగులు. మోటారు పెట్టి ఆ నీళ్లు తోడేశాక 'ఇక్కడ వన్యప్రాణుల జాడ లేదు' అని రిపోర్టు రాయడం ఎంతసేపు? కౌండిన్యను అభయారణ్యం చేసిందే 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన ఏనుగుల కోసం.

ఊరంతా మీ వెంట వస్తుందనుకోకండి. టమాటా రేటు పడిపోయిన ఏడు క్వారీ కూలి కావాలన్నవాళ్లను నేనైతే తప్పుపట్టలేను. వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు, పోరాటం కాగితాల మీదే.

పర్యావరణ అనుమతుల దరఖాస్తులు పెట్టే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు పరివేష్‌లో మీ క్వారీ ఫైలును చూస్తూ ఉండండి. ఈసీ ఇచ్చేస్తే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచికి అప్పీలు వేయడానికి 30 రోజులే గడువు. ఆ తర్వాత ఇంకో 60 రోజుల వరకు తీసుకునే వీలుంది గానీ, ఆలస్యానికి సరైన కారణం చూపాలి.