వారానికో సాచెటా, ఒక్క ఇంజెక్షనా?

అక్కా, రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువగా, 7 ng/mL వచ్చిందని, వారానికో 60,000 యూనిట్ల సాచెట్ (పొడి ప్యాకెట్) బదులు 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒక్కటి వేయించుకుంటే పోదా అని అడిగారు కదా. నేనైతే సాచెట్టే అంటాను. ఇంజెక్షన్ ఒంటికి పట్టేది నెమ్మదిగా, ఒక్కొక్కరికి ఒక్కోలా. పేగులు సరిగా పీల్చుకోనివాళ్లకైతే అది మేలు.

చెన్నై ఎండలో ఉండి కూడా నాకు 9 వచ్చింది, ఏం చెప్పను! ఆదివారం పప్పన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాక, సాచెట్ పాలలో కలుపుకుని తాగేదాన్ని. కొవ్వుతో పాటైతేనే బాగా పడుతుంది. 8 వారాలు వాడి, మూడో నెలలో పరీక్ష చేయిస్తే 34.

మా అత్తగారు మాత్రం రోజువారీ మందనుకుని వరుసగా నాలుగు తాగేశారు, ఒకటే టెన్షన్! అలా వారాల తరబడి సాగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు. క్యాలెండర్‌లో టిక్ పెట్టుకోండి. కిడ్నీలో రాళ్లుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.