పాత కార్డు బాకీ ఉండగా హోమ్ లోన్ వస్తుందా?

ప్రశ్న: 2020 లాక్‌డౌన్‌లో నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో జీతాలు ఆగిపోయాయి. అప్పటికి క్రెడిట్ కార్డు మీద 31 వేలు బాకీ ఉండేది, కట్టలేకపోయాను. కొన్నాళ్లకు బ్యాంకు వాళ్లు ఫోన్లు మానేశారు, నేనూ వదిలేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఓ ఆసుపత్రిలో అకౌంట్స్ చూస్తున్నాను, మా ఆయనది ఆర్టీసీ ఉద్యోగం. మాకున్న స్థలంలో ఇల్లు కట్టుకుందామని 20 లక్షల హోమ్ లోన్‌కి వెళితే, నా క్రెడిట్ స్కోరు (అప్పులు ఎలా కడుతున్నామో చూసి ఇచ్చే మార్కు) 611 అని, పాత కార్డు దగ్గర ‘రైట్ ఆఫ్’ అని ఉందని ఫైలు పక్కన పెట్టేశారు. ఈలోగా ఒక రికవరీ ఏజెంట్ ఫోన్ చేసి, వడ్డీతో 84 వేలయింది, నెలాఖరులోగా 30 వేలు నా నంబరుకి ఫోన్‌పే చేస్తే క్లోజ్ చేయించేస్తానంటున్నాడు. మా అన్నయ్యేమో మూడేళ్లు దాటిన బాకీ చెల్లదు, రూపాయి కట్టొద్దంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఆమదాలవలస

జవాబు: ముందు ఆ 30 వేలు పంపకండమ్మా. బాకీ తీర్చాల్సిందే, కానీ ఏజెంటు సొంత నంబరుకి మాత్రం ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు. అతను నిజంగా బ్యాంకు పంపిన మనిషే అయినా సరే, డబ్బు బ్యాంకు ఖాతాలో, మీ కార్డు నంబరు మీదే జమ కావాలి. బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. కాబట్టి రాత్రిపూట ఫోన్ మోగితే భయపడకుండా, టైము నోట్ చేసి పెట్టుకోండి.

తర్వాత మీ క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పులు, చెల్లింపుల చరిత్ర, మీరే తెప్పించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు సంస్థలున్నాయి, ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో ఆ కార్డు ఇప్పటికీ బ్యాంకు పేరునే ఉందా, లేక బ్యాంకు ఆ బాకీని ఆస్తుల పునర్నిర్మాణ సంస్థకి (మొండి బాకీలు కొని వసూలు చేసుకునే కంపెనీకి) అమ్మేసిందా చూడండి. అమ్మేసి ఉంటే కట్టాల్సింది ఆ సంస్థకి, కాగితం ఇవ్వాల్సిందీ వాళ్లే. ఇది చూసుకోకుండా పాత బ్యాంకు చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు, అదే నాకు బాధ.

రైట్ ఆఫ్ అంటే మాఫీ అయిపోయిందని మీరు అనుకున్నట్టున్నారు. కాదు. బ్యాంకు తన లెక్కల్లో దాన్ని రాని బాకీగా పక్కన రాసుకుంది, అంతే. మీ దగ్గర వసూలు చేసే హక్కు అలాగే ఉంది. మీ అన్నయ్య చెప్పింది సగమే నిజం. మూడేళ్ల గడువు కోర్టులో దావా వేయడానికి సంబంధించింది. మధ్యలో కొంత కట్టినా, బాకీ ఉన్నానని రాసిచ్చినా ఆ గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. దావా గడువు దాటిపోయినా రిపోర్టులో ఆ మచ్చ మాత్రం పోదు, హోమ్ లోన్ ఇచ్చేవాళ్లు చూసేది దాన్నే.

ఇక అసలు విషయం. 30 వేలకి సెటిల్ చేసుకుంటే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, అంటే పూర్తిగా కట్టలేదు, బ్యాంకే కొంత వదులుకుంది అని అర్థం. పూర్తిగా కడితే ‘క్లోజ్డ్’ అనో, ‘రైట్ ఆఫ్ తర్వాత క్లోజ్డ్’ అనో వస్తుంది. ఇల్లు కట్టే ఆలోచన లేనివాళ్లకి, చేతిలో నిజంగా డబ్బు లేనివాళ్లకి సెటిల్‌మెంట్ తప్పేమీ కాదు. మీ సంగతి వేరు. సెటిల్‌మెంటులో మీకు మిగిలేది 54 వేలు. స్కోరు తక్కువని హోమ్ లోన్ మీద అర శాతం వడ్డీ ఎక్కువ వేశారనుకోండి, 20 లక్షలకి 20 ఏళ్లకి లెక్క వేసి చూడండి: 8.5 శాతమైతే నెలకి 17,360 దాకా, 9 శాతమైతే 18 వేలు. నెలకి 640 తేడా, మొత్తం మీద లక్షన్నర దాటిపోతుంది. అసలు లోన్ రాకపోతే ఆ లెక్కకే అవకాశం లేదు. అందుకే మీరు పూర్తిగా కట్టి క్లోజ్ చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

అలాగని 84 వేలకీ తల ఊపేయకండి. 31 వేల అసలు మీద వడ్డీ ఎంత, లేటు ఫీజులెంత, జీఎస్టీ ఎంత అని విడివిడిగా లెక్క అడగండి, మెయిల్‌లోనే అడగండి, ఫోన్లో వద్దు. లేటు ఫీజులు తగ్గించమని కోరండి, తగ్గిస్తే ఖాతాని ‘క్లోజ్డ్’ అని రిపోర్టు చేస్తారా, ‘సెటిల్డ్’ అనా, రాసివ్వమనండి. ఈ ఒక్క వాక్యం రాతలో లేకుండా డబ్బు కట్టకండి. చేతిలో సరిపడా లేకపోతే బ్యాంకులో నగలు పెట్టి గోల్డ్ లోన్ తీసుకున్నా నయమే. కార్డు మీద నెలకి మూడు శాతం పైన పడుతుంది, గోల్డ్ లోన్ వడ్డీ దాని ముందు చాలా తక్కువ. హోమ్ లోన్‌కి వెళ్లేలోపు అది కూడా తీర్చేస్తే మరీ మంచిది.

కట్టాక లెటర్‌హెడ్ మీద నో డ్యూస్ సర్టిఫికెట్ (ఇక బాకీ లేదనే పత్రం) తీసుకోండి. అందులో కార్డు నంబరు, తేదీ, మొత్తం ఉండాలి. నెల దాటినా రిపోర్టు మారకపోతే ఆ కాగితం జతచేసి క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని నిబంధన ఉంది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ పలకకపోతే ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో రాయొచ్చు, ఫీజేమీ లేదు.

స్కోరు మర్నాడే ఎగిరిపోదు. కట్టిన వెంటనే నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకండి, ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. కొన్ని నెలలు ఓపిక పట్టి, ఉన్న వాయిదాలు తేదీకి కట్టుకుంటూ రండి. ఇంకోటి, స్థలం ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. మీవారి పేరునే ఉంటే ఆయన ఒక్కరే, తన జీతం మీద దరఖాస్తు చేసే వీలుందేమో బ్యాంకులో అడగండి. మీ పేరున ఉంటే మాత్రం మీరూ సంతకం పెట్టాల్సి ఉంటుంది, మీ రిపోర్టూ చూస్తారు.

ప్రశ్న: జూట్ మిల్లులో నాతో పనిచేసినతని పర్సనల్ లోన్‌కి షూరిటీ సంతకం పెట్టాను. మిల్లు మూతపడ్డాక అతను వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ బాకీ నా రిపోర్టులో కనిపిస్తోంది. నాకేం సంబంధం?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: సంబంధం ఉందండీ, చట్టం దృష్టిలో అతనెంతో మీరూ అంతే. బ్యాంకు నేరుగా మిమ్మల్ని అడగొచ్చు. మీరు కట్టాల్సి వస్తే ఆ డబ్బు అతని దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంటుంది, కాబట్టి రసీదులన్నీ దాచండి. ముందు అతని కొత్త చిరునామా బ్యాంకుకి రాసివ్వండి. తర్వాత జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి ఈ కేసు లోక్ అదాలత్‌కి పెట్టమని అడగండి. కేసు ఇంకా కోర్టుకెక్కకపోయినా తీసుకుంటారు, ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. డబ్బు కట్టిన తర్వాత మీ పేరు మీద ఉన్న బాకీని క్రెడిట్ సంస్థల్లో సరిచేయాలన్న షరతు ఆ రాజీ పత్రంలోనే రాయించండి.

ప్రశ్న: 15 వేలిస్తే పది రోజుల్లో స్కోరు 750 చేయిస్తానని ఒకాయన అంటున్నాడు. ఆధార్, పాన్, ఓటీపీ అడుగుతున్నాడు.
– జీడిపప్పు వ్యాపారి, పలాస

జవాబు: ఇవ్వకండి. రిపోర్టులో తప్పుంటే ఫిర్యాదు మీరే ఉచితంగా పెట్టుకోవచ్చు, నిజమైన బాకీని అందులోంచి ఎవరూ చెరపలేరు. ఇప్పటికే పాన్, ఆధార్ ఫొటోలు పంపేసి ఉంటే, మీ పేరున కొత్త అప్పేమైనా పుట్టిందేమో కొన్ని నెలలు రిపోర్టు తిరగేస్తూ ఉండండి. డబ్బు కూడా ఇచ్చి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.