రెండు కిలోలు చేపలా, రెండు కిలోల చేపలా?

సందేహం: మా అబ్బాయి పరీక్షలో 'నాన్న హార్బర్‌లో రెండు కిలోలు చేపలు కొన్నారు' అని రాస్తే, టీచరు 'రెండు కిలోల చేపలు' అని దిద్దారు. ఇంట్లో మేమంతా 'కిలోలు' అనే అంటాం. అది తప్పా? అలాగే మూరెడు పూలు అంటాం గానీ 'మీటరెడు గుడ్డ' అనం. ఎందుకని?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ ఇంటి వాడుక తప్పు కాదమ్మా. టీచరు గారి సూత్రమూ సరైనదే. కొలత మాట నామవాచకానికి ముందు విశేషణంలా నిలిస్తే చివరి 'లు' కాస్తా 'ల' అవుతుంది: పాతిక కిలోల బియ్యం, ఐదు మీటర్ల తాడు. ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు. మాటల వరస తిప్పితే 91 మీటర్ల పొడవు. 'విశాఖలో 36 డిగ్రీలు ఉష్ణోగ్రత నమోదైంది' లాంటి రాతలను మాత్రం నేను ఒప్పుకోను. 'డిగ్రీల' అనే రాయాలి.

చిక్కంతా చేపల దగ్గరే. 'రెండు కిలోల చేప' అంటే ఒక్కటే చేప, దాని బరువు రెండు కిలోలు. మరి 'రెండు కిలోల చేపలు' అంటే? ఒక్కోటి రెండేసి కిలోలు తూగేవా, అన్నీ కలిపి రెండు కిలోలా? ఆ మాట ఒక్కటే వింటే తేలదు. వంజరం కొనేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. బియ్యానికి ఈ ఇబ్బంది లేదు, గింజలను విడివిడిగా తూచం కదా. జనం 'రెండు కిలోలు చేపలు' అన్నప్పుడు మొత్తం తూకమే చెబుతున్నారు, వినేవాళ్లకు అనుమానం రాదు. అవసరం కొద్దీ పుట్టిన ఇలాంటి వాడుకను ఎర్రసిరాతో కొట్టేయడం నాకు బాధగా ఉంటుంది. పరీక్షలో పేచీ వద్దనుకుంటే 'చేపలు రెండు కిలోలు కొన్నారు' అని రాయమనండి. అర్థం సూటిగా ఉంటుంది, వ్యాకరణమూ ఒప్పుకుంటుంది.

ఇక 'ఎడు'. ఇది ఎక్కువగా కొలిచే చేతికీ, కొలిచే పాత్రకూ చేరుతుంది: మూరెడు, జానెడు, గుప్పెడు, దోసెడు, సోలెడు, చెంబెడు. ఇంగ్లీషు మాట అయినంత మాత్రాన అడ్డేమీ లేదు. గ్లాసెడు పాలు, బకెట్టెడు నీళ్లు హాయిగా అంటున్నాం. మీటరూ లీటరూ పాత్రలు కావు, వట్టి కొలతల పేర్లు. అందుకే మీటరు గుడ్డ, లీటరు పాలు అంటే సరిపోతుంది. 'ఎడు' ఒక్కదానికే వస్తుంది. రెండైతే మళ్లీ 'ల' రావాల్సిందే: రెండు మూరల మల్లెపూలు, మూడు గ్లాసుల పాలు.