కోల్డ్ స్టోరేజీలో −128 డిగ్రీలు

విజయవాడ,
సూర్యారావుపేట.

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నీ లినక్స్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) కోడూ, గేట్‌వే లాగూ చూశాను. లాప్‌టాప్ మీద 5, 5.5 డిగ్రీలని చక్కగా చూపించే సెన్సర్, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టిన గేట్‌వే (సెన్సర్ల లెక్కలు సేకరించే చిన్న కంప్యూటర్) మీద కాసేపు 0, కాసేపు −128 చూపిస్తోందని రాశావు. వైర్లను అనుమానించకు, సెన్సర్ మార్చకు. జబ్బేమిటో ఆ రెండు అంకెల్లోనే ఉంది.

నీ సెన్సర్ ఎల్ఎం75 ఉష్ణోగ్రతను 16 బిట్లుగా, పెద్ద బైటు ముందు పంపుతుంది. పై 9 బిట్లే విలువ. ఒక్కో మెట్టు అర డిగ్రీ. 5 డిగ్రీలంటే హెక్స్‌లో 0500, 5.5 అంటే 0580. బైట్లు తారుమారైతే అవే 0005, 8005 అవుతాయి. కుడికి 7 బిట్లు జరిపితే మొదటిది 0. రెండోదానిలో ప్లస్సో మైనస్సో చెప్పే సంకేత బిట్టు 1 అయిపోయింది కాబట్టి −256 మెట్లు, అంటే −128 డిగ్రీలు.

తారుమారు ఎక్కడ జరిగిందో చూడు. చిప్పుల మధ్య రెండు తీగల మీద డేటా పంపే ఎస్ఎంబస్ పద్ధతిలో చిన్న బైటు ముందు రావాలి. కెర్నెల్ ఫంక్షన్ ఐ2సీ_ఎస్ఎంబస్_రీడ్_వర్డ్_డేటా ఆ పద్ధతినే నమ్మి, ముందొచ్చిన బైటును కింద పెట్టి, మామూలు సంఖ్యగా కట్టి నీ చేతికిస్తుంది. సెన్సర్ పంపింది పెద్ద బైటు ముందు కనుక ఏ ప్రాసెసర్ మీదైనా ఆ సంఖ్య తిరగబడే వస్తుంది. నువ్వు దాన్ని, పెద్ద బైటు ముందున్న సంఖ్యను ప్రాసెసర్ వరసకు మార్చే బీఈ16_టు_సీపీయూలో వేశావు. లాప్‌టాప్ లిటిల్ ఎండియన్ (మెమరీలో చిన్న బైటును ముందు పెట్టేది) గనక అది బైట్లు తిప్పింది, ఫలితం సరిపోయింది. గేట్‌వేలో ఉన్నది బిగ్ ఎండియన్ (పెద్ద బైటును ముందు పెట్టే) మిప్స్ ప్రాసెసర్; అక్కడ అదే ఫంక్షన్ ఏమీ చేయదు, తప్పు తప్పుగానే మిగిలింది. ఆ రెండు ఫంక్షన్ల బదులు వాడాల్సింది ఐ2సీ_ఎస్ఎంబస్_రీడ్_వర్డ్_స్వాప్డ్. అది ఏ ప్రాసెసర్ మీదైనా తిప్పుతుంది. హెచ్చరిక పరిమితులు రాసేచోట రైట్_వర్డ్_స్వాప్డ్ పెట్టు, లేకపోతే అలారం ఎక్కడో మోగుతుంది.

దీన్ని ఒక సెన్సర్ సంగతిగా చూడకు. ప్రాసెసర్ రిజిస్టర్లో ఉన్న సంఖ్యకు ముందూ వెనకా లేవు. బైట్లు మెమరీలోనో తీగ మీదో వరసగా నిలబడినప్పుడే ఆ ప్రశ్న వస్తుంది. మన శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటల్లో చెప్పినప్పుడు ‘అంకానాం వామతో గతిః’ అంటారు కదా: ‘వేద, బాణ’ అని ఉంటే 45 కాదు, 54. చదివేవాడు తన లెక్కలు ఎటునుంచి రాసుకుంటాడన్నది అక్కడ అనవసరం, చెక్కినవాడి పద్ధతి తెలియాలి. డ్రైవర్ కూడా అంతే. అందుకే నీ ఫైల్లో ప్రాసెసర్ ఎండియన్‌ను బట్టి రెండు దారులు చీల్చిన ఇఫ్‌డెఫ్‌లు మూడూ తీసెయ్. డ్రైవర్లో ఆ ప్రశ్న వచ్చిందంటే సరిహద్దును తప్పుచోట గీశావన్నమాటే.

ఇక పీసీఐ కార్డు భాగం. పరికరం రిజిస్టర్లో రాసే రైట్ఎల్‌కి ఇచ్చే విలువను ముందే, లిటిల్ ఎండియన్‌గా మార్చే సీపీయూ_టు_ఎల్ఈ32లో చుట్టావు. ఇది చాలామంది చేసే పొరపాటే, లిటిల్ ఎండియన్ మీద ఎన్నేళ్లయినా బయటపడదు. రీడ్ఎల్, రైట్ఎల్‌ల ఒప్పందమే ‘పరికరం లిటిల్ ఎండియన్’ అని. అవసరమైన చోట అవే తిప్పుతాయి. నువ్వు చుట్టడంతో బిగ్ ఎండియన్ మీద రెండుసార్లు తిరిగి మొదటికొస్తుంది. మామూలు సంఖ్యనే ఇవ్వు. పరికరం రిజిస్టర్లు బిగ్ ఎండియన్ అని డేటాషీట్ చెబితే ఐఓరీడ్32బీఈ, ఐఓరైట్32బీఈ ఉన్నాయి. పేరు ముందు ‘రా’ (raw) ఉన్న రీడ్ఎల్ జోలికి పోకు. అది బైట్లూ తిప్పదు, బారియర్లూ (రాతల వరస తప్పకుండా కాపాడే అడ్డుగోడలు) పెట్టదు.

డీఎంఏ డిస్క్రిప్టర్ల (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరం చేసే బదిలీకి మెమరీలో రాసిపెట్టే వివరాల) కథ వేరు. వాటిని పరికరం మెమరీ నుంచి నేరుగా చదువుకుంటుంది, మధ్యలో తిప్పేవాళ్లెవరూ లేరు. కాబట్టి అక్కడ సీపీయూ_టు_ఎల్ఈ32 నువ్వే పెట్టాలి. చిరునామా, పొడవు నింపి, డీఎంఏ_డబ్ల్యూఎంబీ బారియర్ వేసి, ఆ తర్వాతే ‘ఇక ఇది పరికరానిదే’ అని చెప్పే ఓన్ బిట్టు పెట్టు.

ఫిఫో (ముందొచ్చింది ముందు ఇచ్చే బఫర్) నుంచి నమూనాలు తెచ్చేచోట ఇంకో మెలిక ఉంది. అది బైట్ల ప్రవాహం, సంఖ్య కాదు. రీడ్ఎల్‌తో లూప్ తిప్పి బఫర్లో పోస్తే బిగ్ ఎండియన్ మీద ప్రతి నాలుగు బైట్లూ తలకిందులవుతాయి. ఐఓరీడ్32_రెప్ వాడు, అది వరస చెదరనివ్వదు.

స్ట్రక్చర్‌లో ఫీల్డులన్నీ యూ32 అని రాశావు. పరికరం చూసే ప్రతి ఫీల్డునూ ఎల్ఈ32 రకంగా మార్చి, స్పార్స్ (కోడును నడపకుండానే రకాల తప్పులు పట్టే సాధనం) పెట్టుకుని, మేక్‌కి సీ=2 ఇచ్చి నడుపు. ఇప్పటి కెర్నెళ్లలో ఎండియన్ తనిఖీకి వేరే ఫ్లాగు అక్కర్లేదు. పైన చెప్పిన రైట్ఎల్ తప్పును కూడా అది వెంటనే పట్టిస్తుంది. ఎల్ఈ32 విలువల మీద అండ్, ఆర్, సమానత్వం చూడటం వరకూ ఒప్పుకుంటుంది. కూడికకూ, పెద్దా చిన్నా పోలికకూ గొడవ చేస్తుంది, అది న్యాయమే. గొడవ భరించలేక ‘ఫోర్స్’ అనే బలవంతపు రకమార్పు పెట్టి నోరు మూయించకు, నా మాట విను. ఆ హెచ్చరిక ఒక్కటే లాప్‌టాప్ మీద నీకు కనబడే సాక్ష్యం.

బిట్‌ఫీల్డులు పరికరం చూసే చోట వద్దు. వాటి వరస కంపైలర్ ఇష్టం. బిట్లు విడదీయడానికి జెన్‌మాస్క్, ఫీల్డ్_గెట్ చాలు.

పరీక్షకు సైటుకు పరుగెత్తక్కర్లేదు. క్యూఈఎంయూ ఎమ్యులేటర్లో మాల్టా బోర్డును బిగ్ ఎండియన్ మిప్స్‌గా లేపి, ఉత్తుత్తి సెన్సర్‌గా నటించే ఐ2సీ-స్టబ్ మాడ్యూల్‌ను హెక్స్ 48 చిరునామాతో లోడ్ చెయ్. ఐ2సీసెట్‌తో 0వ రిజిస్టర్లో 8005 వర్డుగా రాస్తే డ్రైవర్ 5.5 చూపాలి, 80ఎఫ్ఎఫ్ రాస్తే −0.5. లాప్‌టాప్ మీదా అవే రావాలి. వేరేచోట్ల పరీక్షకు హెక్స్‌లో 0, 11111111 లాంటి విలువలు పనికిరావు, ఎటు తిప్పినా ఒకలాగే ఉంటాయి, 12345678 పెట్టు. లాగుల్లో 1 ఉండాల్సిన చోట 16777216, 1514 బైట్ల ఫ్రేముకు 59909 కనబడితే ఇక వేరే కారణం వెతకకు.

ప్యాచ్‌లు విడివిడిగా చెయ్. సెన్సర్ సవరణ ఒక్కటే ముందు పంపు, సరుకు లోపల ఉంది. రకాలు మాత్రమే మార్చే ప్యాచ్ వేరే ఉండాలి; దానికి ముందూ తర్వాతా ఆబ్జెక్ట్ ఫైల్ డిసాసెంబ్లీ తీసి పోల్చు. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ తేడా వచ్చినా అది రకాల ప్యాచ్ కాదు, ఏదో మారింది. ఆ తేడా నాకు పంపు.

నీ బాబాయి