లెజర్ సూట్ లారీ సిరీస్‌లో నాలుగో గేమ్ ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడా దొరకదు, ఎందుకంటే దాన్ని అసలు తయారే చేయలేదు. పెద్దల కోసం చేసిన ఈ కామెడీ అడ్వెంచర్ కంప్యూటర్ గేమ్ సిరీస్‌లో 1989 నాటి మూడో భాగం చివర హీరో లారీ, అతని ప్రియురాలు ప్యాటీ కాలిఫోర్నియాలో హాయిగా స్థిరపడతారు, కథ అంత నిండుగా ముగిశాక అక్కడి నుంచి కొనసాగించడం రూపకర్త ఆల్ లో (Al Lowe) అనే ఆయనకు కష్టమైంది, దాంతో సియెర్రా కంపెనీ నాలుగో నంబరు వదిలేసి 1991లో నేరుగా ఐదోది విడుదల చేసింది. ఆ ఖాళీని కూడా కథలో భాగం చేసేశారు, అదే అసలు గొప్పతనం: ఐదో భాగంలో లారీకి గతం గుర్తుండదు, కారణం నాలుగో గేమ్ ఫ్లాపీలు ఎవరో దొంగిలించారట! ఈ మాట నమ్మి చాలామంది ఆ గేమ్ నిజంగానే తయారై, తర్వాత మాయమైందనుకుంటారు. కానీ ఆ దొంగతనం కల్పనే.